నలభై మూడో జంట

రోహిణి కార్తెలో భావనపాడు ఇసుక
చెప్పు అడుగునుంచే పలకరిస్తుంది.
పన్నెండున్నర.
వలలు బాగుచేసేవాళ్ళు పాకల్లో దూరారు.
పీతలు బొరియల్లో. కుక్క, తిరగేసిన తెప్ప కింద.
ఆ తెల్లటి మిట్ట మీద
నేనూ, అదీ.

పొడుగు కాళ్ళ మీద ఒళ్ళంతా పైకెత్తి
గుండం తొక్కే మొక్కుబడిదారులా
తాకీ తాకనట్టు పరిగెడుతోంది,
వెనక భాగం నిలువునా లేపి.

రబ్బరు గొట్టంతో పీల్చాను.
సీసాలోకి చీమ, నోట్లోకి ఇసుక.

"దాన్నెందుకు గుంటా అట్టుకెల్తన్నావు?"
ఎండుచేపల చాప పక్కనుంచి చీకటి పోలమ్మ.
ఇంటిపేరు చీకటి,
అరవై ఏళ్ళుగా పనంతా ఎండలోనే.
"అది తోకెత్తు సీమ.
మిగతా సీమలు ఒగ్గేసిన ఏళలో వస్తాది.
ఎండకి సచ్చిన ఈగే దానికి కూడు."
నోటుబుక్కులో రాసుకోలేదు అప్పుడు.

టెక్కలి కాలేజీ, మేడ మీద గది.
కరెంటు పోయి వచ్చి పోతోంది.
ముక్కోణపు అట్టముక్క కొసన చుక్క జిగురు,
దాని మీద చీమ.
గుర్తింపు పుస్తకం జంటలు జంటలుగా అడుగుతుంది,
ప్రతిచోటా రెండే తలుపులు.
నడుం దగ్గర కణుపు ఒకటా, రెండా?
ఒకటి.
కుట్టే ముల్లా, ఆమ్లం చిమ్మే రంధ్రమా?
రంధ్రం. చుట్టూ వెంట్రుకల అంచు.
మీసంలో కణుపులెన్ని?
ఒకసారి పదకొండొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను, పన్నెండు.
తల కింద ఇసుక మోసే పొడుగు వెంట్రుకలున్నాయా?
ఉన్నాయి. వాటి మధ్య ఒక రేణువు కూడా ఉంది,
చచ్చినా వదల్లేదు.

ఇరవై తొమ్మిది. ముప్పై ఆరు.
నలభై మూడో జంట దగ్గర పుస్తకం అంటుంది:
కాలి వెంట్రుకలు వాలి ఉంటే ఫలానా, ఎడారుల్లో.
నిక్కి ఉంటే ఇంకొకటి, అదీ ఎడారుల్లోనే.
నా చీమకి ముందుకాళ్ళవి వాలాయి,
వెనకకాళ్ళవి నిక్కాయి.

ఇక ఎడారంటారా,
ఇక్కడ తుపానొస్తే ఊరు ఊరంతా బడి మేడెక్కుతుంది.
జీడితోటలు, మొగలి డొంకలు,
బట్టలారని ముసురు.
అయినా చీమ ఎత్తునుంచి ఎవరు చూశారు?
దానికి చాలినంత ఎడారి
రెండు సరుగుడు వరసల మధ్య ఉందేమో,
రోజుకి రెండు గంటలు.

రెండోసారి వెళ్ళినప్పుడు సీసా తియ్యలేదు.
తడిపిన గోనె నెత్తిన కప్పుకుని
పోలమ్మ పక్కన కూర్చున్నాను.
"సూడు. పోయినప్పుడు వొంకర్లు,
తాగినోడి నడక.
కూడు దొరికిందా, తిన్నగ ఇంటికే.
దారమట్టుకు లాగినట్టు."
చూశాను.
ముప్పై అడుగుల వెతుకులాట, మెలికలు మెలికలుగా.
ఈగ రెక్క దొరకగానే ఒకటే గీత,
నా నీడని దాటి, చేపల వాసన దాటి,
కనపడనంత చిన్న కన్నంలోకి.

పుస్తకంలో ఈ జంట లేదు.
జిగురు మీది చీమ ఇంటికి నడవదు కదా.

అప్పుడామె నా వైపు తిరిగింది.
ఎవులమ్మాయివి? ఏ ఊరు? ఇంటిపేరేటి?
మూడో జవాబుకే మా తాత దాకా వెళ్ళిపోయింది.
"పూండి బజార్లో గొడుగులు బాగుసేసేవోడి మనవరాలివి!
దిగినప్పుడే అనుకున్నాను, నడకే సెప్తంది."
సంతోషం వేసింది. కాస్త భయం కూడా,
ఇంత బేగి తేలిపోతానా అని.

రాత్రి చీటీ రాశాను,
గోరంత కాగితం మీద, సన్నపాళీ నల్ల సిరాతో:
శ్రీకాకుళం జిల్లా, భావనపాడు. తీరపు ఇసుక.
మిట్టమధ్యాహ్నం.
సేకరించినది: ఎస్. సువర్చల.
జాతి: ?

ఆ ప్రశ్నార్థకం బాగోలేదని
గైడు గారు రెండుసార్లు ఫోన్ చేశారు.
దగ్గరగా ఉన్నదేదో రాసెయ్యమన్నారు.

చీటీ వెనక, సూది గుచ్చిన చోటు పక్కన
ఇంకా కొంచెం ఖాళీ ఉంటే రాశాను:
తోకెత్తు చీమ. చెప్పినది చీకటి పోలమ్మ.
వెళ్ళేటప్పుడు వంకర, వచ్చేటప్పుడు తిన్నగా.